వారూంగా నీడ, మనం కొంటున్న ఇళ్ళు

సిడ్నీలో మనోళ్ళు ఇద్దరు కలిస్తే మాట ఇంటి మీదికి రాకుండా ఉండదు. ఎక్కడ కొన్నారు, ఎంత పడింది, ఎన్ని బెడ్‌రూమ్‌లు, థియేటర్ రూమ్ ఉందా, డబుల్ గరాజేనా, స్కూల్ ఏది వస్తుంది. ఇన్నేళ్ళలో "మీ వీధిలో జనవరి మధ్యాహ్నం నడవడానికి నీడ ఉంటుందా" అని ఒక్కళ్ళు అడగ్గా నేను వినలేదు. నేనుండేది వారూంగాలో, స్టేషన్‌కి దగ్గర్లో రెండు బెడ్‌రూమ్‌ల యూనిట్‌లో, అద్దెకి. ఆ అద్దెకి ఇంకాస్త కలిపితే మార్స్‌డెన్ పార్క్‌లోనో బాక్స్ హిల్‌లోనో నాలుగు బెడ్‌రూమ్‌ల కొత్త ఇల్లు వస్తుంది కదా, ఆ చిన్న ఫ్లాట్‌లో ఎందుకు ఇరుక్కుని ఉండటం అని అందరూ అడుగుతారు. భోజనాల దగ్గర రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు ఇది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఊరి గురించి. వారూంగా సిడ్నీ సిటీకి ఉత్తరంగా దాదాపు 20 కిలోమీటర్లు, ఈ వైపుని అప్పర్ నార్త్ షోర్ అంటారు, ట్రైన్ ఎక్కితే సిటీ మధ్యలో ఉన్న విన్‌యార్డ్ స్టేషన్‌కి ముప్పావుగంట. ఊరంతా ఒక మిట్ట మీద ఉంటుంది, రైలు పట్టాలూ పసిఫిక్ హైవే రెండూ ఆ మిట్ట మీదుగానే పోతాయి, వాటికి అటూ ఇటూ వీధులు కిందికి దిగిపోతుంటాయి, దిగుతూ దిగుతూ ఒక చోట రోడ్డు ఆగిపోయి అడవి మొదలవుతుంది. ఉత్తరం వైపు వెళ్తే అది కురింగై చేజ్ నేషనల్ పార్క్, 1894 నుంచి కాపాడుకొస్తున్న అడవి. మిట్ట కాబట్టి ఇక్కడ వాన ఎక్కువ, మట్టి కూడా లోయల్లో ఉండే ఇసుకరాతి నేల కాదు, బలమైన షేల్ మట్టి. ఆ వానా ఆ మట్టీ రెండూ కుదిరిన చోట మాత్రమే వచ్చే అడవి ఒకటుంది, బ్లూ గమ్ హై ఫారెస్ట్ అని. మన దగ్గర జామాయిల్ తోటలు చూసి పెరిగినవాళ్ళకి యూకలిప్టస్ అంటే వరసగా పాతిన సన్నటి కర్రలు గుర్తొస్తాయి గానీ ఇక్కడి సిడ్నీ బ్లూ గమ్ ముందు నిలబడితే ఆ లెక్కే వేరు, మొదలు దగ్గర గరుకు బెరడు, ఆ పైన నున్నగా బూడిదా నీలం కలిసిన రంగు, కొమ్మలు ఎక్కడో పైన మొదలవుతాయి. ఒకప్పుడు ఉన్న ఆ అడవిలో ఇప్పుడు 5 శాతం కూడా లేదు. రాష్ట్రమూ ఫెడరల్ ప్రభుత్వమూ రెండూ దాన్ని అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న అడవుల లిస్టులో పెట్టాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఏజెంట్లు బోర్డుల మీద "లీఫీ" అని రాసే ఈ పచ్చదనం ఏదో ఈ ఊరికి పుట్టుకతో వచ్చిందనీ కొత్త ఊళ్ళకి ఆ అదృష్టం లేదనీ మనం అనుకుంటాం. అది నిజం కాదు. 19వ శతాబ్దంలో కలపవాళ్ళు ఈ మిట్ట మీద పెద్ద చెట్లని పెద్ద ఎత్తున కొట్టుకుపోయారు. ఖాళీ అయిన నేలలో పండ్లతోటలు వేశారు. 1890 జనవరి 1న హార్న్స్‌బీ నుంచి సెయింట్ లెనార్డ్స్ దాకా రైలు వచ్చింది, తోటలు ముక్కలై ప్లాట్లయ్యాయి, సిటీలో డబ్బున్నవాళ్ళు వచ్చి పెద్ద స్థలాల్లో ఇళ్ళు కట్టుకున్నారు, బర్న్స్ రోడ్డు వెంట నడిస్తే ఆ ఇళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. వాళ్ళు జాకరండాలు, లిక్విడాంబర్లు, కమీలియాలు, అజేలియాలు నాటారు, గొడ్డలికి దొరక్క మిగిలిన బ్లూ గమ్‌లూ వాటి విత్తనాల నుంచి మళ్ళీ లేచినవీ ఆ తోటల మధ్య పెరిగాయి. అంటే నేనివాళ నడిచే నీడలో చాలా భాగం, ఒకసారి నరికేసిన నేల మీద మనుషులు వందేళ్ళకి పైగా పెంచి, నరక్కుండా ఆపితే వచ్చింది. ఆపడం అన్నది చాలా ముఖ్యం. ఇక్కడ మన పెరట్లో చెట్టయినా ఒక సైజు దాటితే కొట్టడానికి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) పర్మిషన్ కావాలి. మనకీ 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, అదీ చెట్టు కొట్టాలంటే పర్మిషన్ తీసుకోమనే చెప్తుంది, కాకపోతే రాత్రికి రాత్రి కొట్టేసిన చెట్టు గురించి పొద్దున అడిగేవాళ్ళు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారు? ఇక్కడ పక్కింటివాళ్ళే ఫోన్ చేస్తారు. 2014లో బుష్‌ఫైర్ భయంతో 10/50 అని ఒక రూల్ తెచ్చారు, మంట ప్రమాదం ఉన్న ఏరియాల్లో ఇంటికి 10 మీటర్లలోపు చెట్లని పర్మిషన్ లేకుండా తీసేయొచ్చని, దాన్ని అడ్డం పెట్టుకుని నార్త్ షోర్‌లో వ్యూ కోసం, ఎక్స్‌టెన్షన్ కోసం చెట్లు పడగొడుతున్నారని గోల లేచి, తర్వాత ఆ రూల్‌ని బిగించాల్సొచ్చింది. చెట్లు వాటంతటవే ఉండిపోలేదు, పోట్లాడితే ఉన్నాయి.

సరే, నీడొక్కటీ కూడుపెడుతుందా అంటే, నేను సబర్బ్‌ని కొలిచే పద్ధతి ఒకటుంది. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, కారు నడపలేనివాళ్ళు, మనం ఆఫీసుకి పోయాక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎవరి సాయం లేకుండా ఏం చేయగలరు? నాకు తెలిసిన ఒక ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు, రిటైరైన టీచరు, జీవితమంతా పొద్దున్నే వీధిలోకెళ్ళి టీ తాగి పేపర్ చదివి నలుగురితో మాట్లాడి ఇంటికొచ్చిన మనిషి, కొత్త ఎస్టేట్‌లో వాళ్ళబ్బాయి కట్టుకున్న ఇంట్లో కూర్చుని నాతో అన్న మాట: "ఇల్లు చాలా బాగుందమ్మా, బయటికి అడుగుపెడితే ఎక్కడికెళ్ళాలో తెలీదు." ఆ వీధిలో ఫుట్‌పాత్ ఒక పక్కనే ఉంది, నాటిన మొక్కలు కర్రలకి కట్టేసి నడుమెత్తు ఉన్నాయి, దగ్గర్లో ఉన్న షాపు కారులో వెళ్ళేంత దూరం. ఎండాకాలం ఆయన బ్లైండ్స్ దించేసుకుని ఏసీలో టీవీ చూస్తూ కూర్చుంటారు. అబ్బాయి తప్పేం లేదు, చేతనైనంతలో అమ్మానాన్నలకి మంచి గది ఇవ్వాలనే అంత ఇల్లు తీసుకున్నాడు.

మా అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో వాళ్ళకిచ్చిన గది చిన్నది, పరుపు వేస్తే నడవడానికి కొంచెమే మిగిలేది. పొద్దున టిఫినైన తర్వాత ఇద్దరూ వెళ్ళిపోయేవాళ్ళు. వారూంగా పార్క్ స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది, పెద్ద పెద్ద చెట్లు, మధ్యలో రొటండా, పిల్లలాడుకునే చోటు, పక్కనే కూనన్‌బారా రోడ్‌లో నాలుగు షాపులు, కాఫీ, మందుల షాపు. అమ్మ అక్కడ బెంచీ మీద కూర్చుని మనవళ్ళని తీసుకొచ్చే చైనా, కొరియా అమ్మమ్మలతో భాష రాకపోయినా స్నేహం చేసేసింది, చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. నాన్నకి రైలు అలవాటైంది. ఒక వైపు రెండు స్టేషన్లు పోతే హార్న్స్‌బీ, అక్కడ పెద్ద లైబ్రరీ, వెస్ట్‌ఫీల్డ్, ఇండియన్ షాపుల్లో కందిపప్పూ కరివేపాకూ. ఇంకోవైపు రెండు స్టేషన్లు పోతే టర్రమర్ర, అక్కడింకో లైబ్రరీ. ఒకరోజు క్లీవ్‌లాండ్ స్ట్రీట్, స్టూవర్ట్ స్ట్రీట్ కలిసేచోట ఒక రాతి స్మారకం చూసి దాని మీదున్నదంతా చదువుకుని వచ్చి నాకు పాఠం చెప్పారు: 1918 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్ నుంచి, నిజానికి వేల్స్‌లోని కార్నార్వన్ నుంచి, ఆస్ట్రేలియాకి నేరుగా మొదటి వైర్‌లెస్ మెసేజ్ అందింది అక్కడే, ఎర్నెస్ట్ ఫిస్క్ అనే ఆయన ఇంట్లో. ఆ మూల మీద నిలబడి నాన్న బెజవాడలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేసి ఆ రాయి చూపించారు. ఇలాంటివి రియల్ ఎస్టేట్ యాడ్‌లో రావు, కానీ ఒక ముసలాయన తనంతట తాను బయటికెళ్ళి ఏదో ఒకటి తెలుసుకుని ఇంటికొచ్చి చెప్పగలిగిన రోజు విలువ నాకు ఐదో బెడ్‌రూమ్ కన్నా ఎక్కువ.

ఆరోగ్యం సంగతికొస్తే ఫాక్స్ వ్యాలీ రోడ్‌లో సిడ్నీ అడ్వెంటిస్ట్ హాస్పిటల్ ఉంది, 1903లో మొదలైంది, అందరూ "శాన్" అనే అంటారు. అది ప్రైవేటు. మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) మీద ఆధారపడేవాళ్ళకి హార్న్స్‌బీలో పబ్లిక్ హాస్పిటల్ ఉంది. స్కూళ్ళ గురించి మనోళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆబట్స్‌లీ, నాక్స్ లాంటి ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళు ఇక్కడే ఉన్నాయి, ఎంట్రన్స్ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ సెలెక్టివ్ స్కూళ్ళు హార్న్స్‌బీ గర్ల్స్, నార్మన్‌హర్స్ట్ బాయ్స్ పక్కనే.

ఇప్పుడు ఎండ. మనం ఎండాకాలం రెంటచింతల, రామగుండం టెంపరేచర్లు వార్తల్లో చూస్తూ పెరిగినవాళ్ళం. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. అది పడమటి సిడ్నీ. మనోళ్ళు ఎక్కువగా ఇళ్ళు కొంటున్నది ఆ పడమట, వాయవ్యం వైపే, మార్స్‌డెన్ పార్క్, బాక్స్ హిల్ ఉన్నదీ అటే. సముద్రపు గాలి అంత లోపలికి సాయంత్రానికి గానీ చేరదు, చేరినా వాడిపోయి చేరుతుంది, అది మనం మార్చలేం. మార్చగలిగినవి మాత్రం చాలా ఉన్నాయి. 300, 400 చదరపు మీటర్ల స్థలంలో కంచె నుంచి కంచె దాకా ఇల్లు, దానికి నల్లటి కప్పు, గోడకి నీడపడేలా చూరు కూడా సరిగ్గా ఉండదు, ముందంతా కాంక్రీటు డ్రైవ్‌వే, వెనక పెరట్లో మిగిలిన కాస్త చోటులో ప్లాస్టిక్ గడ్డి. ఒక్క పెద్ద చెట్టు వేరు దిగడానికి సరిపడా మట్టి ఆ స్థలంలో ఎక్కడా వదల్లేదు. మన తాతలు పెంకుటింటికి ఎంత చూరు దించేవాళ్ళో, వాకిట్లో వేపచెట్టు ఎందుకు పెంచేవాళ్ళో తెలిసిన జాతి మనది, అలాంటి మనం ఆ ప్లాన్ మీద సంతకం పెట్టేముందు "చూరు ఎంత, చెట్టెక్కడ" అని అడగడం లేదు. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కొత్త ఇళ్ళకి ముదురు రంగు కప్పులు వద్దని ఒక ఆలోచన చేసి, బిల్డర్ల ఒత్తిడి తర్వాత 2022లో దాన్ని వదిలేసింది. ఆ నిర్ణయం వల్ల నష్టపోయేవాళ్ళలో మనం ముందు వరసలో ఉన్నాం, అయినా మన సంఘాల్లో దాని మీద ఒక్క మీటింగ్ జరిగినట్టు నేను వినలేదు.

నన్ను విమర్శించేవాళ్ళ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ మాటలో నిజముంది. ఒకటి, డబ్బు. వారూంగాలో పెరడున్న ఇల్లు కొనడం మామూలు ఉద్యోగాలు చేసే ఇద్దరి వల్ల అయ్యే పని కాదు, నా వల్లా కాదు. రెండు, మన మనుషులు. వెంట్వర్త్‌విల్, టూంగాబీ వైపు ఉంటే వీధిలో నలుగురు తెలుగువాళ్ళు, కష్టమొస్తే పది నిమిషాల్లో వచ్చేవాళ్ళు, పిల్లలకి తెలుగు మాట చెవినపడుతుంది, ఇవి చిన్న విషయాలు కావు, ఇక్కడ ఉగాదికి వేపపువ్వు కోసం నేను ఎవరో ఒకరికి ఫోన్ చేయాల్సిందే. మూడు, చెట్లతో బతకడం అంత తేలికేం కాదు. 1991 జనవరి 21న వచ్చిన తుఫాను గాలికి టర్రమర్ర, పింబుల్ వైపు చెట్లు ఇళ్ళ మీద పడ్డాయి, ఇప్పటికీ పెద్ద గాలేస్తే కొమ్మ విరిగి తీగ మీద పడి కరెంటు పోతుంది. 2019 నవంబర్ 12న సౌత్ టర్రమర్రలో అడవి అంటుకుని ఇళ్ళ దాకా వస్తే విమానాల నుంచి పోసిన గులాబీ రంగు మందుతో కార్లూ ఇళ్ళ కప్పులూ అన్నీ తడిసిపోయాయి. అడవి అంచున ఇల్లు తీసుకోవాలనుకునేవాళ్ళకి నేను వెళ్ళమని చెప్పను, ముందు బుష్‌ఫైర్ మ్యాప్ చూసుకోమని చెప్తా. నేను మాట్లాడేది మిట్ట మీద, స్టేషన్ చుట్టూ ఉన్న నీడ గురించి.

ఆ స్టేషన్ చుట్టూ ఉన్న నీడలోకి ఎవరిని రానిస్తున్నాం అన్నది అసలు గొడవ. ఇక్కడ నేను మా ఊరివాళ్ళతోనే విభేదిస్తా. ఈ ఏరియాలో ఫ్లాట్లు అనే మాట వినగానే "చెట్లు పోతాయి" అని లేచేవాళ్ళు చాలామంది. 2004లో రూల్స్ మార్చి హైవే వెంట ఐదంతస్తుల ఫ్లాట్లకి పర్మిషన్లిచ్చినప్పుడూ అదే గొడవ. 2024లో రాష్ట్ర ప్రభుత్వం స్టేషన్లకి 400 మీటర్లలోపు ఆరంతస్తుల దాకా కట్టుకోవచ్చని ప్రకటించి మా కౌన్సిల్ ఏరియా కురింగైలో రోజ్‌విల్, లిండ్‌ఫీల్డ్, కిలారా, గోర్డన్ నాలుగు స్టేషన్లని లిస్టులో పెడితే కౌన్సిల్ కోర్టుకెళ్ళింది, తర్వాత మాట్లాడుకుని తన సొంత ప్లాన్ తయారుచేసుకుంది. నేనుండేదే అలాంటి ఒక ఫ్లాట్‌లో. అలాంటివి లేకపోతే మా అమ్మానాన్న ఆ పార్క్ బెంచీ మీద కూర్చునేవాళ్ళే కాదు. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో నలుగురు మాత్రమే ఉండి, స్టేషన్, పార్కు, లైబ్రరీ, స్కూలు అన్నీ చేతికందే దూరంలో పెట్టుకుని, ఆ అవకాశం ఇంకెవరికీ రాకూడదంటే, ఆ జనమంతా ఎక్కడికి పోతారు? పెన్రిత్ దారిలో నల్ల కప్పుల కిందికి పోతారు. ఇక్కడ ఒక్క చెట్టూ పోకూడదని అడ్డుకున్న ప్రతి ఫ్లాటుకీ అక్కడ ఇంకొంత పొలం, ఇంకొంత అడవి చదునవుతుంది, అది మనకి రైలు కిటికీలోంచి కనిపించదు కాబట్టి లెక్కలోకి రావట్లేదు.

కొత్తగా కట్టడమంటే చెట్లు పోవడమేనన్న మాట కూడా నేనొప్పుకోను. వారూంగాలోనే క్లిసోల్డ్ రోడ్‌లో రోజ్ సైడ్లర్ హౌస్ ఉంది, ఆర్కిటెక్ట్ హ్యారీ సైడ్లర్ వాళ్ళ అమ్మానాన్నల కోసం 1948, 1950 మధ్య కట్టిన ఇల్లు, 1951లో దానికి సల్మన్ అవార్డు వచ్చింది, ఇప్పుడు మ్యూజియం. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో అలాంటి చదును కప్పు, గాజు గోడల ఇల్లు ఎవరూ చూడలేదు. వెళ్ళి చూడండి, పెద్ద కిటికీలన్నీ అడవి వైపే చూస్తుంటాయి, కట్టినవాడు ముందు చెట్లని చూసి తర్వాత గీత గీశాడని తెలిసిపోతుంది. అది ఒక్క ఇల్లే, ఫ్లాట్లకి పనికిరాదు అంటే, ఫ్లాట్లకి లెక్క వేరే ఉంది. న్యూ సౌత్ వేల్స్ అపార్ట్‌మెంట్ డిజైన్ గైడ్ ప్రకారం స్థలంలో కనీసం 7 శాతం డీప్ సాయిల్ వదలాలి, అంటే కింద బేస్‌మెంట్ లేకుండా అసలు నేల, చెట్టు వేరు లోతుకి దిగగలిగే నేల. 7 శాతంలో బ్లూ గమ్ పెరగదు. పార్కింగ్ కోసం కంచె దాకా తవ్వేస్తే పైన పెట్టే మొక్కలన్నీ తొట్టి మొక్కలే. పెద్ద స్థలాలకి వీలైతే 15 శాతం దాకా వదలమని అదే గైడ్ సూచిస్తుంది, ఆ సూచనని రూల్ చేయమని, స్టేషన్ పక్కన కట్టేవాటికి కార్ పార్కింగ్ తగ్గించి ఆ మేర నేల వదలమని అడిగితే ఫ్లాట్లూ వస్తాయి, చెట్లూ ఉంటాయి. ఆరంతస్తులా తొమ్మిదంతస్తులా అన్న పోట్లాటలో పడి ఎవరూ ఈ నేల గురించి మాట్లాడటం లేదని నా బాధ.

పడమట ఇల్లు ఇప్పటికే తీసుకున్న మనవాళ్ళు కూడా చేయగలిగింది చాలా ఉంది, ఆ ఊళ్ళని తక్కువ చేయడానికి ఇదంతా రాయట్లేదు. మెట్రో 2019లోనే వాయవ్యంలో టాల్లవాంగ్ దాకా వచ్చేసింది, 2024లో సిటీ దాకా కలిసింది, రైలు విషయంలో స్కోఫీల్డ్స్ పక్కనున్నవాళ్ళకి ఇప్పుడు మా కన్నా మంచి సౌకర్యమే ఉంది. లేనిది వీధి చెట్లు, స్టేషన్ నుంచి ఇంటి దాకా నీడలో నడిచే దారి, నడిచి వెళ్ళగలిగే నాలుగు షాపులు, ఒక లైబ్రరీ. బ్లాక్‌టౌన్ కౌన్సిల్, హిల్స్ కౌన్సిల్ రెండింటిలోనూ మన ఓట్లు తీసిపారేసేంత తక్కువేం కాదు. బతుకమ్మ స్టేజి మీదికి, సంక్రాంతి ముగ్గుల పోటీలకి కౌన్సిలర్లని పిలిచి శాలువా కప్పి ఫోటో దిగుతున్నాం కదా, ఆ పది నిమిషాల్లోనే మా వీధిలో చెట్లు ఎప్పుడు నాటుతారు, నాటినవాటికి మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళెవరు పోస్తారు, చచ్చిపోయినవాటి చోట మళ్ళీ ఎప్పుడు వేస్తారు అని మైకులోనే అడగొచ్చు. ఇంటి ముందు రోడ్డు పక్కనుండే గడ్డి పట్టీ, నేచర్ స్ట్రిప్ అంటారు, దాని మీద చెట్టు కావాలంటే కౌన్సిల్‌కి రాసి అడగొచ్చు. ఇల్లు ఇంకా కట్టనివాళ్ళయితే బిల్డర్ దగ్గర లేత రంగు కప్పు తీసుకోవచ్చు, థియేటర్ రూమ్ మానేసి వెనక ఒక చెట్టుకి సరిపడా నేల వదలొచ్చు, ఆ మార్పులకయ్యే ఖర్చు కిచెన్‌లో రాయి మార్చడానికయ్యే దానికన్నా ఎక్కువేం కాదు.

ఆ నాలుగు స్టేషన్ల లిస్టులో వారూంగా లేదు. ఇవాళ కాకపోతే ఇంకో రెండేళ్ళకైనా మా వంతు వస్తుంది, కౌన్సిల్ సబ్‌మిషన్లు, అంటే రాతపూర్వకంగా మన అభిప్రాయాలు, అడుగుతుంది. వద్దని రాసేవాళ్ళు వందల్లో ఉంటారు. నేను మాత్రం కట్టమనే రాస్తా, స్టేషన్ చుట్టూ ఆరంతస్తులు, 15 శాతం డీప్ సాయిల్, ఉన్న బ్లూ గమ్‌లు ఒక్కటి కూడా కదల్చకుండా, అద్దెకుండేవాళ్ళు భరించగలిగే ధరల్లో కొన్ని ఫ్లాట్లు తప్పనిసరిగా. ఈ వైపు అద్దెకుంటున్న తెలుగువాళ్ళు చాలామందికి సబ్‌మిషన్ రాయడానికి సొంత ఇల్లు ఉండక్కర్లేదని, సిటిజన్‌షిప్ కూడా అక్కర్లేదని తెలియదు. ఎవరైనా రాయొచ్చు, ఒక పేజీ చాలు.